దొరవారి రోమ్ నాటకం

ఇన్నేళ్ళయినా ఆ చలికాలం గుర్తొస్తే నాకు ఏడుపు రాదు, కోపం వస్తుంది. కాలమే మందు అంటారు పెద్దలు. ఆ మందు నాకు పడలేదు.

అది డెబ్భై ఎనిమిది. ఖతర్‌లో చమురు డబ్బు నీళ్ళలా పారుతున్న రోజులు. ఎటు చూసినా పునాదులు, ఇనుప చువ్వలు, సిమెంటు దుమ్ము. మా అన్న విఠల్‌రావు దోహాలో ఒక కన్‌స్ట్రక్షన్ కంపెనీకి మేనేజరు. పనికి మనుషులు కావాలి కదా, వాళ్ళను మా ఊరినుంచే తెప్పించుకున్నాడు. నిజామాబాద్ జిల్లాలో ఉన్న మా ఊళ్ళో మాది గడి, దొరలుండే కోటలాంటి ఇల్లు. ఆ గడిలో కూలి లేకుండా వెట్టి చేసినవాళ్ళ కొడుకులే దోహాలో మా అన్న కంపెనీ బస్సెక్కి సైటుకు పోయేవాళ్ళు. తండ్రులు మా నాయనను దొర అన్నారు, కొడుకులు మా అన్నను దొర అన్నారు. సముద్రం దాటినా ఆ పిలుపు వదల్లేదు.

నేను అక్కడికి పోవడానికి కారణం కూడా ఊరే. ఆ ఏడు కూలీలు సంఘం పెట్టుకుని ఇక వెట్టి చెయ్యమన్నారు. నాయన అమ్మను తీసుకుని హైదరాబాద్ చేరాడు. పెళ్ళి కాని దాన్ని, పైగా నోరున్న దాన్ని, నన్ను మాత్రం అన్న దగ్గరికి తోలాడు. అల్ ముంతజాలో అన్న ఇల్లు. ఆయన పడకగదిలో ఒక ఇనుప బీరువా ఉండేది. వదిన నగలు, నా పాస్‌పోర్టు, కూలీల క్యాంపులో ఉన్న మా ఊరివాళ్ళందరి పాస్‌పోర్టులు అందులో ఒకే అరలో ఉండేవి. తాళంచెవి అన్న బనియన్‌కు పిన్నుతో వేలాడేది.

దోహాలోని తెలుగు కుటుంబాలవాళ్ళు ఒక సంఘం పెట్టుకున్నారు. ఊళ్ళో సంఘం అనే మాట వింటే ఒళ్ళు మండే మా అన్న ఈ సంఘానికి అధ్యక్షుడు. ఏటా చలికాలంలో వార్షికోత్సవం చేస్తారు. ఆ ఏడు నాటకం వేద్దామన్నారు. రాసింది ఫసీయుద్దీన్. బోధన్ మనిషి, అన్న కంపెనీలోనే అకౌంట్స్ క్లర్కు, కంపెనీ కారు కూడా ఆయన చేతిలోనే ఉండేది. తెలుగు పద్యమూ ఉర్దూ గజలూ ఒకే నోటితో చదివేవాడు. కృష్ణుడు, దుర్యోధనుడు అంటే అందరూ చూసేసినవే, కొత్తది కావాలని ఆయన రోమ్‌ను పట్టుకున్నాడు.

రోమ్‌లో ఒక చట్టం ఉండేదని బి.ఏ.లో చదివిన నేనే ఆయనకు చెప్పాను. పరాయివాడి బానిసతో స్వతంత్రురాలు కాపురం చేస్తే, ఆ యజమాని సాక్షుల ముందు ఆమెను మూడుసార్లు హెచ్చరిస్తాడు. మూడోసారికీ వినకపోతే ఆమె కూడా అతనికి బానిసైపోతుంది. ఫసీయుద్దీన్‌కు ఇది విన్నాక అన్నం సయించలేదు. వారం తిరిగేసరికి నాటకం తయారైంది. లివియా అనే గొప్పింటి పిల్ల, దామా అనే బానిస, అతని యజమాని కసియస్ అనే సెనేటర్. మూడో హెచ్చరిక తర్వాత లివియా తన నగలు తీసి సెనేటర్ కాళ్ళ దగ్గర పడేసి, దామా పక్కకు వెళ్ళి నిలబడుతుంది. అక్కడ తెర పడాలి.

అన్నకు ఆ ముగింపు నచ్చలేదు. "మనింటి ఆడోళ్ళు చూస్తరు ఫసీ. నీతి ఉండాలె," అని దాన్ని మార్పించాడు. కొత్త ముగింపులో లివియా కన్నీళ్ళు పెట్టుకుని తప్పు ఒప్పుకుంటుంది, సెనేటర్ ఆమె తల మీద చెయ్యి పెట్టి మన్నిస్తాడు. సెనేటర్ వేషం ఎవరిదో వేరే చెప్పాలా. ఫసీయుద్దీన్ రాసింది కొట్టేసి మళ్ళీ రాస్తూ, "కలం నాది బహెన్, చెయ్యి సారుది," అన్నాడు నాతో.

దామా వేషానికి మాత్రం ఎవరూ దొరకలేదు. బ్యాంకులో పనిచేసే ఆయన నడుం నొప్పన్నాడు. ఇంజనీరొకాయన చొక్కా లేకుండా నిలబడితే జలుబు చేస్తుందన్నాడు. నాటకంలోనైనా సరే, పెళ్ళాంపిల్లలు చూస్తుండగా విఠల్‌రావు కాళ్ళు పట్టుకోవడం వాళ్ళెవరికీ ఇష్టం లేదు.

"మన క్యాంపుల ఒకడున్నడు సార్," అన్నాడు ఫసీయుద్దీన్. "లింబాద్రి. షట్టరింగ్ కార్పెంటర్. ఊళ్ళ భాగోతం ఆడినోడు. గొంతు ఇంటే మీరే అంటరు, క్యా ఆవాజ్ హై అని."

అన్న పకపకా నవ్వాడు. "మా లింబిగాడా. వాని అయ్య నన్ను భుజాల మీద బడికి మోసిండు. వానికి బానిస వేషం నేర్పే పనే లేదు."

అందరూ నవ్వారు. బానిసగా నిజం కూలీ వస్తున్నాడని తెలియగానే, లివియా వేషానికి ఒప్పుకున్న ఆవిడకు పిల్లల పరీక్షలు గుర్తుకొచ్చాయి. మిగిలిన ఆడవాళ్ళు గోడల వంక చూశారు. నేను వేస్తానన్నాను. సెనేటర్ తనే కాబట్టి, కథలో చివరికి చెల్లెలు తన ముందే తల వంచుతుంది కాబట్టి అన్న సరేనన్నాడు.

శుక్రవారం సెలవు. ఆ రోజు మా హాల్లో రిహార్సల్. లింబాద్రి చెప్పులు గుమ్మం దగ్గర కాదు, గేటు బయటే విడిచి వచ్చాడు. ఉతికిన తెల్ల చొక్కా వేసుకున్నాడు. చేతులు మాత్రం సిమెంటు తిని బీటలు వారి ఉన్నాయి. నన్ను చూసి, "దండం దొరసాని," అన్నాడు.

రెండో అంకంలో సెనేటర్ దామాను చెంప మీద కొట్టాలి. లింబాద్రి ముందుకు వచ్చి మెల్లగా చెప్పాడు. "దొరా, నిజంగ కొట్టుడు అక్కెర లేదు. మీరు చెయ్యి ఇట్ల తిప్పుండ్రి, నేను నా చేతులతోని సప్పుడు చేస్త. జనానికి గూబ గుయ్యిమన్నట్టే ఇనిపిస్తది. భాగోతంల మేము గట్లనే చేస్తం."

"నాకు నేర్పుతున్నవారా," అని అన్న చెయ్యి తిప్పాడు. లింబాద్రి చేతులు ఇంకా కలవనే లేదు. దెబ్బ చెంప మీద పేలింది. చెవి దాకా ఎర్రగా వేళ్ళు తేలాయి. బ్యాంకాయన చప్పట్లు కొట్టాడు. "న్యాచురల్‌గా ఉంది సార్," అన్నాడు.

లింబాద్రి తన తరువాతి మాట అందుకున్నాడు. ఆ మాట ఫసీయుద్దీన్ రాసిన పుస్తకాల తెలుగే. అతని నోట్లో పడి అది మనిషి మాటలాగా వినిపించింది. నా ఇంట్లో, నా అన్న చేతిలో, నా కళ్ళెదుట ఒక మనిషి దెబ్బ తిన్నాడు. నేను నాటకం కాగితాలు పట్టుకుని నిలబడ్డాను.

మా ఇంట్లో క్యాంపువాళ్ళ కోసం స్టీలు గ్లాసులు రెండు వేరే ఉండేవి. అవి వంటింటి కిటికీ బయట బోర్లించి ఉండేవి. నీళ్ళయినా చాయ్ అయినా వాళ్ళు వాటిలోనే తాగి, కడిగి, మళ్ళీ అక్కడే బోర్లించాలి. ఊళ్ళో గడిలో ఉన్న ఆచారమే, వదినకు కాపురంతో పాటు వచ్చింది. ఆ రోజు టీ టైములో నేను అందరికీ పింగాణీ కప్పుల్లో పోసి, ఒక కప్పు తీసుకెళ్ళి లింబాద్రికి ఇచ్చాను. అతను తీసుకోలేదు. నేను చెయ్యి వెనక్కి తీసుకోలేదు. చివరికి పట్టుకున్నాడు.

అన్న అందరి ముందూ నవ్వుతూనే అన్నాడు. "సావిత్రీ, నాటకం హాల్లోనే ఉండాలె. వంటింటి దాకా తేవద్దు. ఇది మొదటి హెచ్చరిక అనుకో."

అందరూ మళ్ళీ నవ్వారు. నాటకంలోని మాటతో పరాచికమాడాడని వాళ్ళ సంతోషం.

ఆ శుక్రవారాలు ఇప్పుడు తలుచుకుంటే కోపంలోనూ ఒకింత తీపి తగులుతుంది. లింబాద్రి కాగితం చూడకుండానే, నేను చదివితే ఒక్కసారి విని పట్టుకునేవాడు. అందుకని మిగతావాళ్ళు సిగరెట్లకు లేచినప్పుడు మేమిద్దరం హాల్లో ఒక మూల మాటలు అప్పజెప్పుకునేవాళ్ళం. నన్ను దొరసాని అనొద్దని చెప్పాను.

"మరేమనాలె?"

"సావిత్రి అను."

"నోరు తిరగదు," అన్నాడు. నిజంగానే తిరగలేదు. తర్వాత రెండు శుక్రవారాలు ఏ పిలుపూ లేకుండానే మాట్లాడాడు, "ఇగో" అనో, "ఇటు చూడుండ్రి" అనో. ఒక రోజు నేను కిటికీ దగ్గర నిలబడి ఉంటే వెనకనుంచి, "లివియా, చాయ్ సల్లారుతుంది," అన్నాడు. నాటకం మాట కాదది. నన్ను పేరు పెట్టి పిలవడానికి పాపం అతనికి రోమ్ దాకా పోవలసి వచ్చింది. నేను తిరిగి చూసేసరికి తల దించుకుని నవ్వుతున్నాడు. అంతకు ముందు నాకు తెలియకపోయినా, మా ఇద్దరి మనసూ ఆ క్షణంలో తెలిసింది.

మాటలు పెరిగాయి. షమాల్ సైటు గురించి చెప్పేవాడు. మదీనత్ అల్ షమాల్‌లో కంపెనీ ఇళ్ళు కడుతోంది, చీకటితోనే బస్సెక్కితే తెల్లారేసరికి సముద్రం కనబడుతుందట. గాలికి చెక్కలు ఎగిరిపోతాయట. వాళ్ళమ్మ చిన్నవ్వ బీడీలు చుడుతుందని, తనకు పెళ్ళి చెయ్యాలని వెంటపడుతోందని చెప్పాడు. "ఎవల్ని చేసుకుంటవురా అంటది. రోమ్ పిల్లనని రాయాలె," అన్నాడు. నేను నవ్వలేదు. అతనూ నవ్వు ఆపేశాడు. ఆ తర్వాత మాటలు దాచుకోవలసిన పని మాకు లేకపోయింది.

నేనేం పదహారేళ్ళ పిల్లను కాదు. ఇది ఎక్కడికి పోతుందో నాకు తెలుసు. నాకు కావలసింది కూడా తెలుసు. ఆ మనిషితో బతకాలి. అంతే.

డిసెంబర్‌లో ఊరినుంచి వచ్చినవాళ్ళు కబురు తెచ్చారు. చాకలి, మంగలి, పనివాళ్ళు అందరూ గడి వైపు రావడం మానేశారట. నాయన హైదరాబాద్ నుంచి గడికి వస్తే తన బట్టలు తనే ఉతుక్కోవలసి వచ్చిందట. ఆ రోజు అన్న అన్నం ముందు కూర్చుని ముద్ద ముట్టకుండా లేచాడు.

అత్త మీద కోపం దుత్త మీద చూపినట్టయింది మరుసటి శుక్రవారం. రెండో అంకం వచ్చింది. చెంపదెబ్బ వచ్చింది. అన్న కొట్టాడు. "సరిగ్గ రాలే. మల్ల చేద్దాం," అని ఇంకోసారి కొట్టాడు. నాటకంలో దెబ్బ ఒక్కటే. లింబాద్రి పెదవి చిట్లింది. "కూలోని పౌరుషం కనబడొద్దు మొఖంల. మల్ల," అని మూడోసారి చెయ్యి ఎత్తాడు.

ఆ చెయ్యి కిందికి రాలేదు. లింబాద్రి మణికట్టు పట్టుకున్నాడు. తిప్పలేదు, తొయ్యలేదు, ఊరికే పట్టుకున్నాడు. రోజూ చెక్కలు మోసే చెయ్యి అది.

"నాటకంల దెబ్బ నాటకం తీరుగనే ఉండాలె దొరా," అన్నాడు.

వదిలేశాడు. అన్న చెయ్యి దులుపుకుని సోఫాలో కూర్చుని టీ తెమ్మన్నాడు. రిహార్సల్ చివరిదాకా సాగింది. బ్యాంకాయన చప్పట్లు ఆ రోజు వినబడలేదు. అందరూ వెళ్ళాక అన్న నావైపు వేలు చూపించాడు. "వాన్ని చూసినప్పుడు నీ కండ్లు ఏమంటున్నయో నాకు తెలుసు. రెండోసారి చెప్తున్న." ఈసారి నవ్వలేదు.

మర్నాడు పొద్దున ఇండస్ట్రియల్ ఏరియా క్యాంపులో లింబాద్రిని బస్సెక్కనివ్వలేదు. వీసా క్యాన్సిల్, టికెట్ వచ్చేదాకా గదిలో ఉండమన్నారు. సంగతి ఫసీయుద్దీన్ ఫోన్ చేసి చెప్పాడు. "నేనే తెచ్చిన బహెన్ వాన్ని. నా నాటకం కోసం తెచ్చిన."

"ఏడుస్తూ కూర్చోకు. కారు తీసుకుని రా," అన్నాను.

అన్న షమాల్ సైటుకు పోయిన రోజు పట్టపగలే బయల్దేరాను. వదిన నా చెప్పుల వైపు చూసింది, మొహం వైపు చూసింది. "దర్జీ దగ్గరికి పోయిందంట," అని, అన్న అడిగితే చెప్పే మాటను తనలో తాను అనుకున్నట్టు అని, నాటకంలో రోమన్లు కప్పుకునే దుప్పట్లకు ఎర్ర అంచు కుట్టుకుంటూ కూర్చుంది.

క్యాంపు ఖాళీగా ఉంది, మనుషులంతా డ్యూటీలో ఉన్నారు. రేకుల గదిలో ఒకదాని మీద ఒకటి ఇనుప మంచాలు. వంట చేసే ముసలాయన గంగన్న మాత్రం ఉన్నాడు. నన్ను చూసి చేతిలో గరిటె కింద పెట్టి దండం పెట్టాడు. ఆ దండం చూస్తే నాకు ఏడుపు కన్నా కోపమే ఎక్కువొచ్చింది. ఏం చేశామని మా ఇంటి పిల్లను చూస్తే ఒక ముసలాయన దండం పెట్టాలి?

"తల్లీ, నీకు మొక్కుత. దొరకు ఎరుకైతె మమ్ముల అందర్ని ఇమానం ఎక్కిస్తడు," అన్నాడు.

"ఎక్కియ్యడు పెద్దయ్యా," లింబాద్రి మంచం మీద నుంచి లేచాడు. "ఎండకాలం రాకముందే షమాల్ ఇండ్లు అప్పజెప్పాలె. మనం లేకుంటె స్లాబ్‌లకు పలక ఎవలు కొడ్తరు? నన్నొక్కన్నే పంపుతడు, మిగిలినోళ్ళు బుగులు వట్టి నోరు మూసుకోవాలని."

గంగన్న, ఫసీయుద్దీన్ బయటికి వెళ్ళి నిలబడ్డారు.

"నేను గూడ వస్త," అన్నాను.

"ఏడికి?"

"ఊరికి."

"మీ ఊరు గడి. మా ఊరు గడి ఎనుక." పెదవి ఇంకా వాచి ఉంది. "మా ఇంట్ల ఉన్నది ఒక్కటే మంచం. నువ్వు దాని మీద కూసుంటె మా అవ్వ నేల మీద గూడ కూసోదు, గోడకానుకోని నిలవడ్తది. దినాం నిలవడ్తది. అది చూసి నీకు పానం ఇసుగొస్తది."

"కూసోమని చెప్త."

"ఇనదు."

"ఇనేదాక నేను గూడ నిలవడ్త. బీడీలు నేర్చుకుంట."

"నవ్వులాట కాదు లివియా."

"నేను నవ్వుతున్ననా?"

బీటలు వారిన చేతుల వైపు చూసుకున్నాడు. తర్వాత అన్నాడు. "రమ్మని నా నోటితోని అనలేను. అంటె, లింబిగాడు దొరబిడ్డను మాయ చేసి తెచ్చిండంటరు. నువ్వే వస్తె మాత్రం తలుపు ముయ్య. గంతే చెప్పగల్గుత."

నాకు అంతకన్నా అక్కర్లేదు. ప్రేమలేఖలు రాసే మగవాళ్ళను చూశాను. ఇంట్లో ఉన్న మంచం లెక్క చెప్పి, ఆపైన తలుపు తెరిచి ఉంచుతానన్నవాణ్ణి ఇతన్నే చూశాను.

క్యాంపు కాపలావాడు అన్నకు సాయంత్రానికే చెప్పేశాడు. అన్న వచ్చి బూట్లు కూడా విప్పకుండా నిలబడ్డాడు. వదిన రొట్టెల పళ్ళెంతో గుమ్మంలో ఆగిపోయింది.

"మూడోసారి చెప్తున్న సావిత్రీ," అన్నాడు.

"మంచిగైంది. వదిన సాక్షి. రోమ్ లెక్కల ఇగ నేను నీ చెల్లెను కాను. వానితోనే పంపు."

"ఇది రోమ్ కాదు."

"కాదు. రోమ్‌ల గొప్పింటోళ్ళకు కిందికి దిగనీకె ఒక తొవ్వన్న ఉండె. ఈడ దిగనీకె గూడ నీ సంతకం కావాలె."

కొడతాడనుకున్నాను. కొట్టలేదు. ఆడపిల్ల మీద చెయ్యి చేసుకోవడం గడి మర్యాద కాదట. మరుసటి వారం లింబాద్రిని బొంబాయి విమానం ఎక్కించారు. నాకు ఆ సంగతి అతను వెళ్ళాకే తెలిసింది.

వార్షికోత్సవం దగ్గరికొచ్చింది. ఆహ్వానాలు పంచేశారు, వాటి మీద లివియాగా నా పేరు అచ్చయింది. ఎంబసీ నుంచి ముఖ్య అతిథి వస్తున్నాడు. కంపెనీకి కఫీల్, అంటే వీసాలకు పూచీదారు అయిన అరబ్బు షేక్ కూడా వస్తానన్నాడట. అప్పుడు చెప్పాను నేను వేషం వెయ్యనని.

అన్న అరిచాడు. అమ్మకు ఫోన్ చేయించాడు. వదినను వెయ్యమన్నాడు. నోరెత్తని మా వదిన, "నాకు ఏడుపు రాదు," అని ఒక్క మాట అని లోపలికి పోయింది. సంఘం ఆడవాళ్ళలో అన్ని మాటలు కంఠతా పట్టగలవాళ్ళు లేరు. అటూ ఇటూ తిరిగి చివరికి నా గదికే వచ్చాడు.

"ఏం కావాలె నీకు?"

"నా పాస్‌పోర్టు. ఎగ్జిట్ కాగితం మీద నీ సంతకం."

ఆ రోజుల్లో కఫీల్ సంతకం లేనిదే ఆ దేశం గడప దాటనివ్వరు. ఇప్పుడూ అంతేనేమో నాకు తెలియదు. నేను అన్న వీసా మీద వచ్చినదాన్ని, కాబట్టి నాకు అన్నే కఫీల్.

ఆయన కుర్చీలో కూర్చుని ఆలోచించాడు. నాకు ఆ ఆలోచన గాజు గ్లాసులో నీళ్ళంత స్పష్టంగా కనబడింది. ముఖ్య అతిథి, షేక్, మూడువందల మంది జనం. వాళ్ళందరి ముందూ చెల్లెలు తప్పు ఒప్పుకుంటుంది. నలుగురిలో చెప్పిన మాటను గడివాళ్ళు దాటరు, ఆ మాట మెడకు పడ్డాక ఏ మొహం పెట్టుకుని ఆ కూలోని ఇంటికి పోతుంది? హైదరాబాద్ పోతే నాయన సంబంధం చూస్తాడు. ఇదీ మా అన్న లెక్క.

"ఆఖరి మాటలు నేను రాయించినట్టే చెప్పాలె," అన్నాడు.

"ఒక్క అక్షరం గూడ తప్పనియ్య."

సంతకం పెట్టాడు. బీరువా తెరిచి పాస్‌పోర్టు ఇచ్చాడు.

ఆ సాయంత్రం హాలు కిటకిటలాడింది. దామా వేషం ఫసీయుద్దీనే వేశాడు. కళ్ళద్దాలు తీసేసి, ఎముకల గూడు కనబడేలా చొక్కా లేకుండా రంగం మీదికి వస్తే పిల్లలు కిసకిసలాడారు. రెండో అంకంలో అన్న చెయ్యి తిప్పాడు, ఫసీయుద్దీన్ చేతులు చప్పుడు చేశాయి. సారు తన అకౌంట్స్ మనిషిని మాత్రం ఎంతో జాగ్రత్తగా కొట్టాడు. జనం నిజం దెబ్బే అనుకున్నారు. నేను చూశాను. వచ్చిన కోపాన్ని అట్లాగే పట్టుకుని చివరి అంకం దాకా తీసుకెళ్ళాను.

సెనేటర్ మూడో హెచ్చరిక చేశాడు. నేను మోకాళ్ళ మీద కూర్చున్నాను. "ఒక బానిసను ప్రేమించడం నా తప్పు. నా వంశానికి తెచ్చిన ఈ మచ్చను మన్నించండి," అన్నాను. ఒక్క అక్షరం తప్పలేదు. కన్నీళ్ళు కూడా అన్న కోరుకున్నన్ని వచ్చాయి. ఆయన నా తల మీద చెయ్యి పెట్టాడు. హాలంతా లేచి నిలబడి చప్పట్లు కొట్టింది.

తెర వెనక ఆడవాళ్ళు నన్ను వాటేసుకున్నారు. "ఎంత బాగా ఏడ్చావమ్మా, మా గుండెలు పిండేశావు," అన్నారు. ఆ దామా ఎంత మంచివాడో, ఆ లివియా అతన్ని అలా వదిలేయడం ఎంత అన్యాయమో అని వాళ్ళలో వాళ్ళే వాదించుకున్నారు. ఒకావిడ కళ్ళు తుడుచుకుంటూ, మొదట వేషం వెయ్యాల్సిన కూలీ ఏమయ్యాడని అడిగింది. పంపేశారని పక్కావిడ చెప్పింది. "అయ్యో, అవునా," అని ఆవిడ పకోడీల వైపు వెళ్ళింది. ఆ పళ్ళెం తీసి ఆమె నెత్తిన కుమ్మరించాలనిపించింది నాకు. కానీ నాకు విమానం ఉంది, ఊరుకున్నాను.

బయల్దేరే రోజు ఆ ఆడవాళ్ళలోనే ఇద్దరు నన్ను సాగనంపడానికి వచ్చి హాల్లో కూర్చున్నారు. ఫసీయుద్దీన్ కారు గేటు ముందుంది. అన్న మంచి ఉత్సాహంగా ఉన్నాడు.

"నాయనకు తంతి కొట్టిస్త. నాంపల్లి స్టేషన్‌కు వస్తడు," అన్నాడు.

"వద్దు. నేను బొంబాయిల దిగి మన్మాడ్ మీదుగ నిజామాబాద్ పోతున్న."

ఆయన మొహంలో నెత్తురు చుక్క లేకుండా పోయింది. చెయ్యి ముందుకు వచ్చింది, నా భుజాన సంచిలో ఉన్న పాస్‌పోర్టు కోసం. హాల్లో ఆ ఇద్దరూ చూస్తున్నారు. చెయ్యి ఆగిపోయింది. దగ్గరికి వచ్చి గొంతు తగ్గించి అన్నాడు. "మూడువందల మంది ముందట ఏమన్నవ్ నువ్వు? బానిసను ప్రేమించుడు తప్పని అన్లేదా?"

నేను గొంతు తగ్గించలేదు. ఆ ఇద్దరికీ, వంటింట్లో ఉన్న వదినకూ, గేటు దగ్గర ఉన్న ఫసీయుద్దీన్‌కూ వినబడాలని గట్టిగానే అన్నాను.

"తప్పనే చెప్పిన. లింబాద్రి నీ బానిస కాడు."

వదిన వంటింట్లోనుంచి వచ్చి, చేతులు కొంగుకు తుడుచుకుని, నా సూట్‌కేసు ఎత్తి కారు దాకా మోసుకెళ్ళింది. అన్న ఇంకా ఆ ఇద్దరు ఆడవాళ్ళ మొహాలే చూస్తూ నిలబడ్డాడు.